దిద్దుబాటుకు ఎదురుచూచే తప్పులు

విద్యార్థి వ్రాతపుస్తకములో ఉపాధ్యాయుడు తప్పు క్రింద ఎర్ర సిరాతో గీత గీస్తాడు. గీత గీచినంత మాత్రమున తప్పు పోదు. విద్యార్థి దానిని దిద్ది వ్రాయవలెను. వ్రాసిన దానిని ఉపాధ్యాయుడు మరల చూడవలెను. ఈ రెండవ చూపు లేని తరగతిలో పుస్తకముల నిండా ఎర్రగీతలు ఉంటవి. తప్పులు మాత్రము ఎక్కడివి అక్కడే ఉంటవి. కచేరీలో అర్జీ పెట్టిన రైతుకు కూడ ఈ సంగతి తెలియనిది కాదు. అర్జీ వ్రాయుట ఒక పూట పని; దాని వెంట తిరుగుట ఏండ్ల పని.

నేటి లోకవ్యవహారమును నడిపిస్తున్న కంప్యూటరు ప్రోగ్రాముల విషయములోను ఇదే కథ జరుగుతున్నది. బ్యాంకు లెక్కలు, రైలు టిక్కెట్లు, పరీక్షా ఫలితములు, అందరి చేతులలోని ఫోన్లు — వీటి అన్నిటి అడుగున వేలకొలది ప్రోగ్రాములు పనిచేస్తున్నవి. మనుష్యులు వ్రాసినవి కనుక వాటిలో తప్పులు తప్పవు. ఆ తప్పులను కనిపెట్టి వ్రాసిపెట్టిన వారు ఎందరో ఉన్నారు. వ్రాసిపెట్టిన దానిని మరల తెరచి చూచేవారే తక్కువ.

పురుగు పుట్టుపూర్వము

ప్రోగ్రాములోని తప్పును ఆంగ్లములో 'బగ్' అంటారు, అనగా పురుగు. యంత్రములలోని చిక్కులకు ఈ మాటను ఎడిసన్ 1878 నాటికే వాడినాడు. 1947 సెప్టెంబరు 9న అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయము వారి మార్క్-2 గణనయంత్రమును పరీక్షిస్తుండగా, దాని లోపల ఒక రెక్కల పురుగు ఇరుక్కొని కనిపించినది. పనివారు ఆ పురుగును తమ దినచర్య పుస్తకములో అతికించి, ప్రక్కన సంగతి వ్రాసిపెట్టినారు. ఆ పుటను స్మిత్‌సోనియన్ సంస్థ వారు భద్రపరచినారు. ఆ చిన్న సంఘటనలో ఆదర్శమైన పద్ధతి అంతయు ఇమిడి ఉన్నది. తప్పు కనబడినది, కారణము దొరికినది, దానిని తొలగించినారు, జరిగినది వ్రాసి ఉంచినారు. ఒక్క గదిలో ఒక్క యంత్రము చుట్టూ నలుగురు కూర్చున్ననాడు ఇది సులభమే. ప్రోగ్రాము వ్రాసినవారు ఒక ఖండములోను, వాడుకొనేవారు అన్ని ఖండములలోను ఉన్ననాడు అంత సులభము కాదు.

ఆవకాయ జాడీ ఇచ్చేవారు రెండు విధములు. కొందరు జాడీ మాత్రము ఇస్తారు. కొందరు జాడీతోపాటు కారము, ఉప్పు, ఆవపిండి పాళ్ళు కూడ వ్రాసి ఇస్తారు. తిన్నవారు కావలెనంటే పాళ్ళు మార్చుకొనవచ్చును, మార్చినది మరొకరికి చెప్పవచ్చును. ప్రోగ్రాములలో ఈ రెండవ తెగవాటినే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ అని, ఓపెన్ సోర్స్ అని అంటారు. అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ 1983లో ఇట్టి ప్రోగ్రాములకై ఒక ఉద్యమమును ప్రకటించినాడు. ఫిన్లండులో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి 1991లో లినక్స్‌ను ప్రారంభించినాడు. ఓపెన్ సోర్స్ అనే పేరు 1998లో వాడుకకు వచ్చినది. నేడు ఇంటర్నెట్టులో అధికభాగము ఇట్టి ప్రోగ్రాముల మీదనే ఆధారపడి ఉన్నది.

ఈ పద్ధతికి ఒక గొప్ప ఆశ పునాది. చూచేవారు ఎక్కువైనకొద్దీ ఏ తప్పూ దాగి ఉండజాలదని ఎరిక్ రేమండ్ 1997లో ఒక వ్యాసములో వాదించి, ఆ సూత్రమునకు లైనస్ పేరు పెట్టినాడు. అట్లు చూచేవారి కొరకే దోషముల చిట్టాలు బహిరంగముగా పెట్టినారు. మొజిల్లా సంస్థవారి బగ్‌జిల్లా అనే చిట్టా 1998 నాటిది. ఎవరైనను అందులో తాము కనిపెట్టిన దోషమును నమోదు చేయవచ్చును. దానికొక సంఖ్య పడుతుంది. ఆ సంఖ్య క్రింద జరిగిన సంభాషణ అంతయు లోకమంతా చదువవచ్చును. ప్రభుత్వ కచేరీలోని ఫైలు ఎక్కడ ఉన్నదో అర్జీదారుకు తెలియదు. ఇక్కడ ఫైలు నడివీధిలోనే తెరచి ఉంటుంది. అయినను ఫైలు కదలక పోవుట అక్కడ ఎంత సహజమో ఇక్కడా అంతే సహజము.

ఫైర్‌ఫాక్స్ అనే ప్రసిద్ధమైన బ్రౌజరులో బొమ్మ మీద బాణపు గుర్తు ఉంచితే చిన్న వివరణ చీటి ఒకటి కనబడుతుంది. వాడుకరి వేరొక ప్రోగ్రాములోనికి వెళ్ళినను ఆ చీటి తొలగిపోక, దాని మీద అడ్డముగా నిలిచి ఉంటున్నదని 2002లో ఒకరు ఫిర్యాదు వ్రాసినారు. అది తీరినది 2023లో. గ్నోమ్ అనే తెరపరికరముల సముదాయములో ఫైలును ఎన్నుకొనేటప్పుడు ఫొటోల చిన్నరూపములు కనబడితే బాగుండునని 2004లో వచ్చిన విన్నపము కూడ 2023లోనే ఫలించినది. ఆ విన్నపము పెట్టిననాడు ఒకటవ తరగతిలో చేరిన బాలుడు అది నెరవేరిననాటికి ఉద్యోగస్థుడై ఉంటాడు. ఇవి చిరాకు కలిగించే దోషములే గాని ప్రమాదకరములు కావు. ప్రమాదకరమైన దానికి కూడ ఇదే గతి పట్టిన ఉదాహరణ ఒకటి ఉన్నది.

రెండు చుక్కల కథ

పెక్కు ఫైళ్ళను ఒక్క మూటగా కట్టే పద్ధతిని 'టార్' అంటారు. మూటలోని ప్రతి వస్తువుకు ఒక చీటి కట్టి ఉంటుంది. మూట విప్పినప్పుడు ఆ వస్తువును ఏ గదిలో పెట్టవలెనో ఆ చీటి చెబుతుంది. చీటిలో ప్రక్కప్రక్కన రెండు చుక్కలు ఉంటే, 'ఈ గది దాటి వెలుపలి గదికి పొమ్ము' అని దాని అర్థము. దుర్బుద్ధి కలవాడు చీటిలో ఆ చుక్కలను పదేపదే వ్రాసినాడనుకొందము. మూట విప్పే ప్రోగ్రాము నమ్మకస్థుడైన నౌకరువలె గది దాటి, వసారా దాటి, ఇంటి యజమాని ఇనుప పెట్టె వరకు పోయి, అక్కడి తాళపుచెవి స్థానములో వాడు పంపిన తాళపుచెవిని పెట్టివస్తుంది.

పైథాన్ అనేది నేడు కళాశాలలలోను, అనేక పాఠశాలలలోను విద్యార్థులు నేర్చుకొంటున్న ప్రోగ్రామింగు భాష. అందులో ఇట్టి మూటలను విప్పుటకు 'టార్‌ఫైల్' అనే ఉపకరణము ఉన్నది. పైన చెప్పిన చుక్కల మోసమునకు అది లొంగిపోతున్నదని 2007 ఆగస్టులో పైథాన్ నిర్మాతల దృష్టికి వచ్చినది. వారు ఉపేక్షించలేదు, చర్చించినారు. ఉపకరణము ప్రమాణగ్రంథములో చెప్పినట్లే నడుచుకొంటున్నది కనుక అందులో తప్పు లేదనే అభిప్రాయము నెగ్గినది. నమ్మకము లేనివారి మూటలను విప్పవద్దని వాడుక పుస్తకములో ఒక హెచ్చరిక చేర్చినారు. ప్రపంచమందలి భద్రతాదోషముల జాబితాలో దానికి 2007-4559 అనే సంఖ్య పడినది. అంతటితో ఆ విషయము ముగిసినదని అందరును అనుకొన్నారు.

ఆ తీర్పు అన్యాయమైనది కాదు, అసంపూర్ణమైనది. నూతికి గట్టు కట్టక, 'నుయ్యి ఉన్నది, జాగ్రత్త' అని పలక వ్రేలాడదీసినట్లు అయినది. పలకను చదివేవారు కొందరే. వాడుక పుస్తకములోని హెచ్చరికను చూడని వేలమంది ఆ ఉపకరణమును తమ ప్రోగ్రాములలో చేర్చుకొన్నారు. వారిని చూచి మరి కొన్ని వేలమంది నేర్చుకొన్నారు. నేర్పే పాఠములలోనే ప్రమాదకరమైన పద్ధతి ఉదాహరణగా నిలిచినది. పాఠములోని తప్పు ఒక విద్యార్థితో ఆగదు, ఏటేటా వచ్చే ప్రతి తరగతికీ అందుతుంది.

2022లో ట్రెలిక్స్ అనే భద్రతాసంస్థకు చెందిన పరిశోధకుడు ఒకరు వేరొక పనిమీద ఉండగా ఈ దోషము ఆయన కంటబడినది. క్రొత్తది కనిపెట్టినానని ఆయన మొదట భావించినాడు. విచారించగా అది పదునైదేండ్ల నాటి పాత దోషమని తెలిసినది. బహిరంగముగా ఉన్న ప్రాజెక్టులలోనే సుమారు 3,50,000 ప్రాజెక్టులు దీనికి లోబడి ఉండవచ్చునని ఆ సంస్థ అంచనా వేసినది. అంతటితో ఊరుకొనక, దిద్దుబాట్లను తయారుచేసి ఒక్కొక్క ప్రాజెక్టునకు పంపుట మొదలుపెట్టినారు. 61 వేలకు పైగా ప్రాజెక్టులకు ఆ పని జరిగినట్లు 2023 జనవరిలో ప్రకటించినారు.

కొమ్మలను కత్తిరించినను వేరు మిగిలి ఉన్నది. వేరును ముట్టుకొన్నవారు పైథాన్ నిర్మాతలే. మూట విప్పేటప్పుడు చీటీలను వడపోసే జల్లెడ ఒకటి ఉండవలెనని ఒక ప్రతిపాదన వ్రాసినారు. 2007లో దిద్దుబాటుకు అడ్డుపడిన కారణమును ఆ ప్రతిపాదన త్రోసివేయలేదు. పాత నడవడి మీద ఆధారపడిన వారు కొందరు ఉన్నారని ఒప్పుకొని, వారికి వ్యవధి ఇచ్చినది. 2023 అక్టోబరులో వచ్చిన 3.12 సంచికలో, జల్లెడ కోరని వారికి ప్రోగ్రామే హెచ్చరిక చేయుట ప్రారంభమైనది. 2025 అక్టోబరులో వచ్చిన 3.14 సంచిక నుండి కోరకున్నను జల్లెడ పనిచేయుట ఆచారమైనది. ఇంతలో 2025లోనే ఆ జల్లెడలోను రంధ్రములు బయటపడగా వాటిని కూడ పూడ్చినారు. మొదటి ఎర్రగీతకు, సరియైన దిద్దుబాటుకు నడుమ పదునెనిమిది సంవత్సరములు గడచినవి.

ఇక్కడ గమనింపదగిన భేదము ఒకటి ఉన్నది. మొదటి నివేదిక 'తప్పు ఉన్నది' అని మాత్రమే చెప్పినది. పదునైదేండ్ల తరువాత దాని వెంటబడినవారు, ఆ తప్పువలన ఎందరికి ఎట్టి ప్రమాదము ఉన్నదో లెక్క చూపినారు. ఇతరుల పని చెడకుండ దానిని దిద్దే మార్గమును కూడ చూపినారు. పాత నివేదికను మరల ఎత్తుట అనగా పాత మాటను మరింత బిగ్గరగా చెప్పుట కాదు. మొదటిసారి లేని వెలుగును తెచ్చుట.

ఎందుకు మూలపడుతున్నవి?

నివేదికలు మూలపడుటకు నిర్వాహకుల సోమరితనమే కారణమని తీర్మానించుట సులభము. అది నిజము కాదు. వీరిలో చాలమంది తమ ఉద్యోగములు ముగించుకొని, రాత్రివేళ దొరికిన గంటలో జీతము లేకుండ పనిచేసేవారు. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ప్రోగ్రాము కోట్లమంది రహస్య సంకేతములను కాపాడుతుంది. 2014 ఏప్రిలులో 'హార్ట్‌బ్లీడ్' అనే మహాదోషము అందులో బయటపడినప్పుడు లోకము విచారించగా, దాని మీద పూర్తికాలము పనిచేసేవారు ఇంచుమించు ఒక్కరే అనియు, సంవత్సరమునకు అందే విరాళములు సుమారు 2 వేల డాలర్లనియు తెలిసినది. వేల కన్నులు చూస్తున్నవని అందరును అనుకొన్నారు; ఇతరులు చూస్తున్నారులే అని ఎవరికి వారు ఊరుకొన్నారు. పాలతో నింపవలసిన గుండములో చీకటిలో తలా ఒక చెంబెడు నీళ్ళు పోసిన ఊరివారి కథ మనకు తెలిసినదే కదా!

రెండవ కారణము నివేదికలలోనే ఉన్నది. 'పనిచేయుట లేదు' అను రెండు ముక్కలు వ్రాసి ఊరకున్నవారు ఉన్నారు. ఏ సంచికలో, ఏ యంత్రము మీద, ఏమి చేయగా, ఏమి జరిగినదో చెప్పని నివేదిక, నొప్పి ఎక్కడో చెప్పని రోగి వంటిది. ఒకే దోషమును పదిమంది పది పేర్లతో వ్రాస్తారు. నిర్వాహకుడు ఒక ప్రశ్న అడిగితే, వ్రాసినవారు మరల కంటికి కనబడరు. అట్టి నివేదిక ఎవరి తప్పువలన ఆగినదో తేల్చి చెప్పుట కష్టము.

మూడవ కారణము మరింత సూక్ష్మమైనది. దిద్దినను చేరవలసిన వారికి చేరని దిద్దుబాట్లు ఉన్నవి. ఫైళ్ళను కుదించుటకు జెడ్‌లిబ్ అనే గ్రంథాలయము 1995 నుండి లోకమంతటా వాడుకలో ఉన్నది. అందులో పదమూడేండ్లుగా దాగి ఉన్న ఒక దోషమును ఒకరు తెలుపగా, 2018 ఏప్రిలులో నిర్వాహకులు మూలములో దిద్దినారు. కాని ఆ దిద్దుబాటుతో క్రొత్త సంచిక విడుదల కాలేదు. 2022 మార్చిలో వేరొక పరిశోధకుడు ఈ సంగతిని ఎత్తి చూపిన తరువాత, ఆ నెలలోనే క్రొత్త సంచిక వెలువడినది. నాలుగేండ్లపాటు మందు తయారై అలమరలో ఉన్నది; రోగికి అందలేదు. అందినదా అని అడిగిన వాడు ఒక్కడు కావలసి వచ్చినాడు.

ఈ గుట్టను తగ్గించుటకు కొన్ని ప్రాజెక్టులలో యంత్రమునే నియమించినారు. కొంతకాలము ఎవ్వరును మాట్లాడని నివేదికను ఆ యంత్రము తనంతట తానే మూసివేస్తుంది. చిట్టా శుభ్రముగా కనబడుతుంది. తప్పు మాత్రము ప్రోగ్రాములో యథాస్థానములో ఉంటుంది. ఫెడోరా అనే లినక్స్ సంకలనమువారి పద్ధతి ఇంతకంటె మెరుగైనది. ఒక సంచికకు ఆయుర్దాయము తీరేముందు, దానిపై వచ్చిన నివేదికలలో ఒక ప్రకటన వ్రాసి, క్రొత్త సంచికలో కూడ ఆ దోషము ఉన్నచో తెలుపుడని కోరుతారు. ఆ మాటకు బదులు పలికేవారు ఉంటే నివేదిక బ్రతుకుతుంది. లేకున్న మూతబడుతుంది. అనగా నివేదిక ప్రాణము చివరకు దానిని వ్రాసినవారి చేతిలోనే ఉన్నది.

ఒత్తిడి వేరు, శ్రద్ధ వేరు

అట్లయిన, బదులు వచ్చువరకు నిర్వాహకుని వేధించుటయే మార్గమా అని ఎవరైన అడుగవచ్చును. ఈ ప్రశ్నకు 2024లో లోకము భయంకరమైన సమాధానమును చూచినది.

ఎక్స్‌జెడ్ అనేది కూడ ఫైళ్ళను కుదించే ప్రోగ్రామే. దానికి చాలకాలము ఒక్కరే నిర్వాహకుడు. 2022లో కొన్ని అపరిచిత నామములతో ఆయనకు ఉత్తరములు వచ్చినవి. పంపిన దిద్దుబాట్లు మూలపడి ఉన్నవనియు, ప్రాజెక్టు నిద్రపోతున్నదనియు, మరొకరికి అధికారము అప్పగించవలెననియు ఆ ఉత్తరముల సారాంశము. తన మానసిక ఆరోగ్యము బాగుండుట లేదనియు, ఇది జీతము లేని పని అనియు ఆయన చెప్పుకొన్నను ఒత్తిడి తగ్గలేదు. అదే కాలములో జియా తాన్ అనే పేరుతో ఒకరు ఓర్పుతో సాయము చేస్తూ, విశ్వాసము సంపాదించి, క్రమముగా సహనిర్వాహకుడైనాడు. 2024 ఫిబ్రవరి, మార్చి నెలలలో వెలువడిన 5.6.0, 5.6.1 సంచికలలో దొంగదారి ఒకటి ఆ పేరుతోనే చొప్పింపబడినది. ఒత్తిడి చేసిన ఆ నామములు కూడ ఈ పన్నాగములోనివే అని పరిశోధకుల అనుమానము.

ఆ దొంగదారిని పట్టినది ఎవరు? ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు. తన యంత్రములోనికి ప్రవేశించుటకు ఎప్పటికంటె సుమారు అరక్షణము ఎక్కువ పట్టుచున్నదని ఆయన గమనించినాడు. మరొకడైతే ఆ అరక్షణమును లెక్కచేయడు. ఆయన మాత్రము దాని వెంటబడి, మూలము వరకు పోయి, 2024 మార్చి 29న లోకమునకు తెలిపినాడు. స్థిరమైన సంకలనములలో చాలవాటిలోనికి ఆ సంచికలు ప్రాకకముందే అడ్డుకట్ట పడినది.

ఈ ఒక్క ఉదంతములోనే రెండు విధముల వెంటబడుట కనబడుతున్నది. ఒకటి మనిషి వెంటబడుట. రెండవది తప్పు వెంటబడుట. మొదటిది అలసిన మనిషిని మరింత అలయజేసి, దొంగకు తలుపు తెరచినది. రెండవది ఆ తలుపును మూసినది. పాత నివేదికలను ఎత్తుకొనదలచినవారు ఈ భేదమును మరువరాదు.

విద్యార్థి చేయగల పని

పాత నివేదికను మరల చూచుటకు గొప్ప పాండిత్యము కావలెనని భయపడనక్కరలేదు. మొదటి పని, క్రొత్త సంచికను తెచ్చి, నివేదికలో చెప్పిన వరుసలోనే చేసి చూచుట. దోషము ఇప్పుడు లేకున్నచో 'ఫలానా సంచికలో ఇది కనబడుట లేదు' అని వ్రాయుట. అట్టి ఒక్క వాక్యముతో ఒక నివేదిక గౌరవముగా ముగుస్తుంది. నిర్వాహకునికి ఒక గంట మిగులుతుంది. దోషము ఇంకను ఉన్నచో, దానిని రప్పించుటకు కావలసిన అతిచిన్న ఉదాహరణను తయారుచేయుట రెండవ పని. నూరు పుటల పత్రములో వచ్చే తప్పును మూడు పంక్తులలో రప్పించగలిగితే, దిద్దేవానికి సగము శ్రమ తగ్గినట్లే.

మూడవ పనిలో గణితము ఉన్నది. ప్రోగ్రామునకు ఇంతవరకు 1,024 మార్పులు జరిగినవనుకొందము. మొదట లేని తప్పు చివర ఉన్నది. ఏ మార్పుతో అది వచ్చినది? ఒక్కొక్కటిగా చూస్తే వేయిసార్లు పరీక్షించవలెను. నడుమనున్న మార్పు దగ్గర పరీక్షిస్తే, తప్పు ముందు సగములో ఉన్నదో వెనుక సగములో ఉన్నదో తేలుతుంది. మిగిలినది 512, తరువాత 256, పది పరీక్షలలో దోషి దొరుకుతాడు. నిఘంటువులో మాట వెదకే పిల్లవానికి ఈ ఉపాయము తెలిసినదే. టోర్వాల్డ్స్ 2005లో ప్రారంభించిన గిట్ అనే పరికరములో ఈ సగము పంపకమునకు ప్రత్యేకమైన ఆదేశమే ఉన్నది. కారణమైన మార్పు సంఖ్యను పాత నివేదికలో చేర్చిన విద్యార్థి, ఆ నివేదికకు ప్రాణము పోసినవాడు అవుతాడు.

ఇవి అన్నియు చేసిన తరువాత వ్రాసే మాట మెత్తగా ఉండవలెను. నిర్వాహకుడు బాకీదారు కాడు, వ్రాసినవాడు వసూలుదారు కాడు. గ్నోమ్, కె.డి.ఇ. వంటి పెద్ద ప్రాజెక్టులలో పాత నివేదికలను ఇట్లు ఏరి, వేరుచేసి, పరీక్షించే స్వచ్ఛంద సేవకుల బృందములు ఏర్పడినవి. ప్రోగ్రాము ఒక్క పంక్తియైన వ్రాయనివారు కూడ ఆ పనిలో పాల్గొనవచ్చును.

తెలుగువారికి ఇందులో ప్రత్యేకమైన బాధ్యత కూడ ఉన్నది. తెలుగు లిపి యూనికోడ్ వర్ణమాలలో 1991లో వచ్చిన మొదటి సంచిక నుండియు ఉన్నది. కాని అక్షరమునకు సంఖ్య ఉన్నంతనే తెరమీద అది సరిగా నిలువదు. వత్తు ఎక్కడ చేరవలెనో, గుణింతము ఏ అక్షరమును పట్టుకొనవలెనో నిర్ణయించే ప్రోగ్రాములు వేరుగా ఉంటవి. 'జ్ఞా' అనే గుణింతమునకు సంబంధించిన ఒక అక్షరక్రమము ఐఫోనులో కనబడినంతనే ప్రోగ్రాములు కుప్పకూలినవని 2018 ఫిబ్రవరిలో లోకమంతా చెప్పుకొన్నది. అవి మూలము బయటపెట్టని ప్రోగ్రాములు. వార్త పత్రికలకు ఎక్కినది కనుక ఆ నెలలోనే దిద్దుబాటు వచ్చినది. పత్రికలకు ఎక్కని తప్పుల సంగతి వేరు. ఫైర్‌ఫాక్స్, ఆండ్రాయిడ్, లిబ్రెఆఫీస్ మొదలైనవాటిలో అక్షరములను కూర్చే హర్ఫ్‌బజ్ అనే ప్రోగ్రాము ఓపెన్ సోర్స్‌ది. దాని చిట్టాలో ఎవరైనను వ్రాయవచ్చును. కాని వత్తు తప్పినదని, ఏత్వము జారినదని తెలుగు చదువనివారు ఎట్లు కనిపెట్టగలరు? కాలిఫోర్నియాలోనో జర్మనీలోనో కూర్చున్న నిర్వాహకుడు ఎంత సమర్థుడైనను, ఆ అక్షరము ఆయనకు చిత్రపటము వంటిది. అది దిద్దబడినదా లేదా అని చూడగల కన్ను తెలుగు బడిలోనే ఉన్నది.

వేయి నివేదికలను ఎత్తుకొనవలెనని ఎవరును కోరుట లేదు. ఒక్క తరగతి ఒక్క సంవత్సరములో ఒక్క పాత నివేదికను ఎన్నుకొని, పరీక్షించి, 'ఇంకను ఉన్నది' అనియో, 'ఇక లేదు' అనియో ఋజువుతో వ్రాయగలిగితే చాలును. ఆ ఒక్క వాక్యము ఎక్కడో అర్ధరాత్రి దీపము ముందు కూర్చున్న అపరిచితునికి అందుతుంది. తాను దిద్దినది ఎవరో చూచినారని ఆయనకు తెలుస్తుంది.

దిద్దిన పుస్తకమును మరల తెరచి చూచే ఉపాధ్యాయుడు ఎర్రగీత గీచుటకు పట్టినంత సమయమైనను తీసుకొనడు. ఒకసారి చూచి, ప్రక్కన సంతకము చేసి, పుస్తకమును పిల్లవాని చేతికి ఇస్తాడు. తప్పు తీరేది ఆ సంతకముతోనే.